మటన్ కూరకు ముందు ఒక పాట

మొదటిసారి స్టేజీ ఎక్కి పాడింది ఎక్కడ అని అడిగితే ఇప్పటిదాకా నాలుగు జవాబులు చెప్పాను. ఒకరికి సికింద్రాబాద్‌లో పెద్ద హాలన్నాను. ఇంకొకరికి ఆగిపోయిన రైలు బోగీ మీదెక్కి పాడానన్నాను. మూడోవారికి చెప్పింది నాకే గుర్తులేదు. నాలుగోసారి ఒక పత్రిక అబ్బాయికి, గిటారు కాప్రా చెరువులో చేపల వలకు చిక్కిందనీ, ఆ జాలర్ల ముందే మొదటి పాట పాడాననీ, తీగ మీటినప్పుడల్లా లోపలినుంచి ఒక చిన్న బురద మట్ట చేప తొంగి చూసేదనీ చెప్పాను. ఆ అబ్బాయి దాన్ని యథాతథంగా అచ్చువేశాడు. తప్పు నాది కాదు. నేను సొంతంగా పాటలు రాసి, సొంతంగా బాణీ కట్టి, ఏ కంపెనీ గొడుగు కిందా నిలబడకుండా ఊరూరా పాడుకుని తిరిగేవాణ్ణి. జానపదం వరసకు గిటారు జోడించి, పైన కాస్త రాక్ పోపు పెడతాను. కల్పించడం నా వృత్తి. దాన్ని పాటకొక్కదానికే పరిమితం చేయమనడం అన్యాయం.

పోయిన నెల ఇంటర్నెట్ ఛానల్ నుంచి ఒక అమ్మాయి కాప్రాలో మా ఇంటికి వచ్చింది. రెండు కెమెరాలు, ఒక గొడుగు లైటు, ఎదురుగా కుర్చీలో నేను. అదే ప్రశ్న వేసింది. నేను గొంతు సవరించుకుని ఐదో జవాబు మొదలుపెట్టాను. అందులో ఒక వానా, ఒక ఏనుగూ ఉన్నాయి. ఏనుగు ఇంకా పూర్తిగా హాల్లోకి రాకముందే, వెనక గదిలో చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న మా అమ్మ అందుకుంది.

"ఒరే, ఆ పొల్లకు టోపీ పెడుతున్నవెందుకురా? నీ మొదటి పాట మటన్ కూర ముందట గదా!"

అమ్మాయి కెమెరాను అమ్మవైపు తిప్పింది. అమ్మ మూడు ముక్కల్లో కథంతా చెప్పి, మళ్ళీ చిక్కుడుకాయలు పట్టుకుంది. ముప్ఫై ఏళ్ళుగా దాచిపెట్టుకున్నది మూడు ముక్కల్లో తేలిపోతే ఎవరికైనా ఉక్రోషం వస్తుంది. అందుకని ఈ ఒక్కసారికి నిజమే రాస్తున్నాను. చేయి ఊరుకోక అక్కడక్కడ ఏమైనా కలిపితే, అది కలిపినట్టు మీకే తెలిసిపోతుంది.

మౌలాలి గుట్ట కనబడేంత దూరంలో ఒక ఫౌండ్రీ ఉండేది. ఇనుము కరిగించి, ఇసుక అచ్చుల్లో పోసి, రైలు వ్యాగన్లకు బ్రేకు దిమ్మలు తయారుచేసేవాళ్ళు. మా నాయిన అక్కడ మౌల్డరు, అంటే ఆ ఇసుకలో అచ్చు తీసే మనిషి. ఆ గోడకు ఆనుకునే మా కాలనీ, రెండు గదుల ఇళ్ళ బారు. అచ్చుల ఇసుక గట్టిపడటానికి అందులో చెరకు మడ్డి కలిపేవాళ్ళు. కరిగిన ఇనుము పడగానే అది మాడి కాలనీ అంతా బెల్లం పాకం మాడిన వాసన వేసేది. మిగతా పిల్లల నాన్నలు చెమట వాసనతో ఇంటికి వచ్చేవాళ్ళేమో, మా నాయిన మాత్రం మాడిన అరిసె వాసనతో వచ్చేవాడు. దండెం మీద వేసిన ఆయన చొక్కాకు చీమలు బారులు కట్టేవి. ఒకసారి చీమలన్నీ కలిసి చొక్కాను రెండిళ్ళ అవతలికి మోసుకుపోతే అమ్మ వెంటపడి తెచ్చింది. నమ్మకపోతే మానండి.

నాయిన వచ్చేవేళకు అమ్మ పొట్టు పొయ్యి మీద నీళ్ళు కాచి ఉంచేది. ఆయన పెరట్లో బండమీద కూర్చుని పోసుకుంటే మొదటి నాలుగు చెంబులూ నల్లగా, తర్వాతి రెండూ బూడిదరంగుగా పారేవి. నీళ్ళు తెల్లబడ్డాకే ఆయన మాట్లాడటం మొదలుపెట్టేవాడు. అంతకుముందు పలకరించినా జవాబుండేది కాదు. అచ్చు తీసేవాళ్ళకు ఒక అలవాటుంటుంది. ఇసుకను గుప్పిట్లో గట్టిగా పిసికి, ఆ ముద్దను నడిమికి విరిచి చూస్తారు. విరుపు నున్నగా ఉంటే తడి సరిపోయినట్టు, పొడిపొడిగా రాలితే తడి చాలలేదన్నట్టు. నాయిన ఇంట్లో కూడా అంతే. ఉప్మా పెడితే పిసికి విరిచి, "తడి జెర ఎక్కువైంది" అనేవాడు. అమ్మ కోపంతో ఒకరోజు నిజంగానే గిన్నెలో ఇసుక పెట్టింది. ఆయన దాన్నీ పిసికి, విరిచి చూసి, "ఇది మంచిగున్నది" అన్నాడు. ఆ పూట ఇద్దరూ నవ్విన నవ్వుకు గోడ అవతలి ఇంటివాళ్ళు పరేషాన్ అయి తొంగిచూశారు.

నేను ఇంటర్ తప్పిన ఏడాది. నాయిన అప్రెంటిస్ ఫారం తెచ్చి అద్దం వెనక దోపి, రేపో మాపో నింపుదామన్నాడు. కార్మికుల పిల్లలకు ఫౌండ్రీలో నేర్చుకునే సీట్లుండేవి. దొరకడం అదృష్టం. నేను ఆ అదృష్టం నుంచి ఎలా తప్పించుకోవాలా అని చూస్తూ, ఒక మధ్యాహ్నం సైకిలెక్కి చిలకలగూడ వెళ్ళి, పాత సామాన్ల దుకాణంలో సైకిలిచ్చి గిటారు తెచ్చుకున్నాను. గిటారు మీద ఐదు తీగలే ఉన్నాయి. దుకాణం అతను దయతలచి, ఆరో తీగకింద నా సైకిలు బ్రేకు తీగనే ఊడదీసి ఇచ్చాడు. అక్కడినుంచి మౌలాలి దాకా నడుచుకుంటూ వచ్చాను.

నాయిన నీళ్ళు పోసుకుని వచ్చి గుమ్మంలో నిలబడి అడిగాడు. "సైకిల్ ఏదిరా?"

నేను గిటారు చూపించాను.

ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, వేలి కణుపుతో కొట్టి చెవి ఆనించి విని, "దీనికి చక్రాలేవి?" అన్నాడు.

తర్వాత పది రోజులు ఇంట్లో ఫారం, గిటారు తప్ప వేరే మాట లేదు. నేను పాటలు కట్టుకుని బతుకుతానన్నాను. పాట పాడితే ఎవడు అన్నం పెడతాడని ఆయన. పదకొండో రోజు యాదగిరి మేస్త్రీ చాయ్‌కి వచ్చాడు. ఫౌండ్రీలో అందరికన్నా పెద్ద మేస్త్రీ. సన్నగా పొడుగ్గా ఉండేవాడు. మీసం మాత్రం ఇద్దరు మనుషులకు సరిపోయేంత ఉండేది. మా ఇద్దరి వాదనా విని, సాసరులో చాయ్ ఊదుకుంటూ తీర్పు చెప్పాడు.

"దసరాకు ఆయుధపూజనాడు పోరగాండ్ల ప్రోగ్రాం ఉంటది గదనే. వీణ్ణి సుత పాడమను. మనోళ్ళే వింటరు. కూసుంటె కూసున్నట్టు, లేస్తె లేసినట్టు."

నాయిన కళ్ళు మెరిశాయి. "అయితె బువ్వకు ముందుగాల పాడాలె. పాట అయిపొయ్యేదాంక ఒక్కడు సుత లేవద్దు. ఒక్కడు లేసినా సోమవారం నాతోని ఫౌండ్రీకొస్తవ్. ఎవ్వడు లేవకుంటె ఫారం నేనే చింపుత. మాటేనా?"

"మాటే" అన్నాను. మేస్త్రీ సాక్షి.

దసరానాడు ఫౌండ్రీలో బగారన్నం, మటన్ కూర పెట్టేవాళ్ళని తెలిస్తేగాని ఆ పందెంలోని దుర్మార్గం అర్థం కాదు. పెద్ద దేగ్చాలు స్టేజీకి పది అడుగుల దూరంలోనే ఉడికేవి. కుటుంబాలతో సహా అందరూ వచ్చేవాళ్ళు. ఇంటికి కొంత తీసుకుపోవడానికి చేతిలో తలా ఒక స్టీలు డబ్బా. నాకంటే ముందు ఏకపాత్రలు, డాన్సులు, మిమిక్రీ. చివరికి నేను. నా తర్వాత మూత తీస్తారు. ఆ వాసన ముందు తాన్‌సేను వచ్చి పాడినా మొదటి చరణానికే లైను కట్టేస్తారు.

అయినా నేను భయపడలేదు. పాట మీద నమ్మకం, గిటారు మీద అంతకన్నా నమ్మకం. పండుగనాడు పొద్దున్నే దాన్ని తుడిచి, భుజాన వేసుకుని నాయిన వెంట బయలుదేరాను. షెడ్డు మధ్యలో ఎవరి పనిముట్లు వాళ్ళు వరసగా పెట్టుకున్నారు. ఇసుక జల్లెడలు, సుత్తులు, తాపీలు, పట్టకార్లు, ఆఫీసులో టైపు మిషను, లెక్కలు రాసే అతని పెన్ను, వంటావిడ కత్తిపీట. కత్తిపీట పూజలో ఉంటుంది కాబట్టి ఆవిడ ఉల్లిగడ్డలు ముందురోజే తరిగిపెట్టుకునేది. ఎందుకంటే, బొట్టు పెట్టిన పనిముట్టును మరునాడు పొద్దున దాకా ముట్టకూడదు. ఆ ఒక్కరోజు వాటికి సెలవు. ఒక ఏడాది ఎవడో కుర్రాడు మరచిపోయి సుత్తి తీస్తే, ఆ వారమంతా పోసిన దిమ్మలన్నీ పగిలాయట. ఆ సంగతి మౌలాలిలో పుట్టిన ప్రతి పిల్లవాడికీ తెలుసు. నాకూ తెలుసు. తెలిసి కూడా ఆ వేళకు తట్టలేదు.

నాయిన తన తాపీనీ, ఇసుక కూరే దిమ్మిసనూ వరసలో పెట్టాడు. పక్కనున్నాయన నా భుజం వైపు చూసి, "ఏందన్నా, నీ కొడుకు ఆడుకునే సామాను తెచ్చుకున్నడు?" అని నవ్వాడు. అందరూ నవ్వారు. నాయిన నవ్వలేదు, కానీ కాదని కూడా అనలేదు. ఒంగి, సరిగ్గానే ఉన్న తాపీని మళ్ళీ సరిచేశాడు. నాకు చెవులు వేడెక్కాయి. ఏమీ ఆలోచించకుండా భుజం మీది గిటారు తీసి, నాయిన తాపీ పక్కన పెట్టేశాను.

పసుపు కుంకుమల పళ్ళెంతో వస్తున్న యాదగిరి మేస్త్రీ దాని ముందర ఆగాడు. "గిదేంది?"

"గిటారు మేస్త్రీ."

"గది నాకెర్కే. పనిముట్టా, ఆట సామానా?"

"పనిముట్టే."

"ఖాయమా?"

"ఖాయం!"

మేస్త్రీ మూడు వేళ్ళతో పసుపు పూసి, కుంకుమ పెట్టి, బంతిపూలు చుట్టాడు. తాపీకీ జల్లెడకూ మధ్య నా గిటారు పెళ్ళికొడుకులా మెరిసింది. గర్వంతో నా ఛాతీ ఎంత పొంగిందంటే చొక్కా గుండీ తెగి, ఎగిరి, హారతి పళ్ళెంలో పడింది. దాన్ని ఎవరో దక్షిణ అనుకుని కళ్ళకద్దుకున్నారు. గుమ్మడికాయ పగిలింది. కర్పూరం ఆరింది. మేస్త్రీ చేయెత్తి కేకవేశాడు. "ఇగ రేపు పొద్దుగాలదాంక ఎవ్వలు పనిముట్టు ముట్టద్దు!"

అప్పుడు తట్టింది నాకు. నాయినకూ సరిగ్గా అప్పుడే తట్టింది. ఆయన నావైపు తిరిగి, నోరు తెరిచి, "ఓరి నీ..." అని ఆగిపోయాడు. వెనక అమ్మ నెత్తిన చేయి పెట్టుకుంది.

మేస్త్రీ దగ్గరికి పరిగెత్తాను. "మేస్త్రీ, మరి నా పాటెట్ల?"

ఆయన మీసం దువ్వుకున్నాడు. మంచి మనిషే, దారి వెతికాడు. "ఒక్కటే ఉపాయం పిలగా. అది పనిముట్టు గాదు, ఆట సామానే అని అందరి ముందట చెప్పు. బొట్టు తుడుస్త, తీస్కో. ఆట సామానుకు పట్టింపు లేదు."

ఎంత తేలిక! ఒక్క మాట. గిటారు చేతికొస్తుంది, పందెం గెలిచే వీలుంటుంది, ఫారం చిరుగుతుంది. నాయిన అక్కడే ఉన్నాడు. ఈసారి తాపీని చూడటం లేదు, నన్నే చూస్తున్నాడు. "చెప్పురా, ఏమైతది" అని అమ్మ గుసగుసగా అంది. నేను నోరు తెరిచాను. ఎంత అబద్ధాలకోరునైనా, ఆ అబద్ధం మాత్రం గొంతులోంచి బయటికి రాలేదు.

"పనిముట్టే మేస్త్రీ. ఉండనీ."

మధ్యాహ్నం వట్టి చేతులతో స్టేజీ ఎక్కాను. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఒకసారి జేబుల్లో, ఒకసారి వెనక, ఒకసారి ఎవరికో దండం పెడుతున్నట్టు ముందర. దేగ్చాల పక్క వంటావిడ గరిట పట్టుకుని సిద్ధంగా ఉంది. గరిటకు పొద్దున పూజ చేయలేదు, ఎంతైనా తెలివైన మనిషి. నేను కళ్ళు మూసుకుని మొదలుపెట్టాను.

నల్ల ఇసుకల నాటినమమ్మా,
ఎర్ర నీళ్ళు పోసినమమ్మా,
పొద్దు గూకక ముందే జూడు
ఇనుప పండ్లు కాసెనమ్మా!

గొంతు మేకపిల్ల గొంతులా వణికింది. మొదటి చరణం అయ్యేసరికి వెనక వరసలో ఎవరో ఆకలికి ఆగలేక డబ్బా మూత మీద టకటకా కొట్టారు. ఇంకొకరు అందుకున్నారు. వెక్కిరింతే అది, "ఇగ చాలు, బువ్వ పెట్టుండ్రి" అని అర్థం. నాకు ఏడుపొచ్చింది. కానీ చెవి మాత్రం ఏడవకుండా ఆ దెబ్బలు లెక్కపెడుతోంది. రెండు పొట్టి, ఒకటి పొడుగు. అచ్చం ఇసుక కూరే దిమ్మిస దెబ్బ. పదేళ్ళుగా రోజూ ఆ పని చేసే చేతులు ఆకలికైనా అదే వరస కొడుతున్నాయి. నేను రెండో చరణాన్ని ఎత్తి ఆ దెబ్బ మీద వేశాను. కొట్టేవాళ్ళు ఒక్క క్షణం తడబడ్డారు. మళ్ళీ కొట్టారు. ఈసారి వెక్కిరింతకు కాదు. మూడో చరణానికి ముందు వరసలు కూడా కలిశాయి. స్టీలు డబ్బాలు, మూతలు, చెంచాలు, ఒక పిల్లవాడి పళ్ళెం. షెడ్డు రేకు పైకప్పు మోగిపోయింది. మౌలాలి గుట్ట మీద పావురాలు లేచి సికింద్రాబాద్ స్టేషన్ దాకా పోయి, ప్లాట్‌ఫారం టికెట్ కొనుక్కుని కూర్చున్నాయి. నా పాటల్లో రాక్ ఎక్కడినుంచి వచ్చిందని పండితులు అడుగుతుంటారు. ఆకలినుంచి వచ్చింది.

వంటావిడ మూత తీసింది. మసాలా వాసన షెడ్డంతా కమ్ముకుంది. ఒక్కరూ లేవలేదు. ఒక్క చరణం మిగిలింది. గెలిచేశాను అనుకున్నాను. అప్పుడు మూడో వరసలో ఒక మనిషి లేచాడు.

నాయిన.

లేచి, ఎవరివైపూ చూడకుండా, వంగి వంగి వరస దాటి బయటికి వెళ్ళిపోయాడు. కన్న కొడుకును ఓడించడానికి స్వయంగా తానే లేచాడా? కోపంతో ఆఖరి చరణం పాడకుండా మొదటిది మళ్ళీ ఎత్తుకున్నాను. పాట ముగిస్తే ఓటమి ఖాయం అవుతుంది కాబట్టి ముగించదలచుకోలేదు. అప్పటికప్పుడు కల్పించి రెండు చరణాలు కలిపాను. అందులో ఒకటి చీమల మీద. జనం కేకలు వేశారు. అంతలో తలుపు దగ్గర మళ్ళీ నాయిన కనిపించాడు. పరిగెత్తి వచ్చినట్టు రొప్పుతున్నాడు. చేతిలో ఇసుక షెడ్డులో మరచిపోయిన తన టిఫిను డబ్బా. తన చోట కూర్చుని, మూత ఊడదీసి, చెంచాతో కొట్టడం మొదలుపెట్టాడు. అందరికంటే గట్టిగా, అందరికంటే తప్పుగా. చేతికి అంత కొలత తెలిసిన మనిషికి తాళం మాత్రం ఒక్క దెబ్బ కూడా సరిగ్గా పడలేదు. ఆయన ముఖమంతా నవ్వు.

పాట అయ్యాక మేస్త్రీ స్టేజీ ఎక్కి, మీసం తుడుచుకుని, "ఒక్కడు లేసిండు. పిలగాడు ఓడిండు" అన్నాడు.

"నేను లేవలే!" అని అరిచాడు నాయిన.

"లేవకుంటె డబ్బకు కాళ్ళొచ్చి నీ కాడికొచ్చిందా అన్నా?"

"నేను లెక్కల రాను. నేను వాని తండ్రిని!"

"తండ్రివైతె మనిషివి గాదా? ఒక్కడంటె ఒక్కడే."

"పందెం కట్టింది నేను. రద్దు చేసేది సుత నేనే. ఫారం చింపుత, ఎవడడ్డమొస్తడో చూస్త!" తాను కట్టిన పందెం తానే గెలిచినందుకు అంతగా గింజుకున్న మనిషిని నేను మళ్ళీ చూడలేదు. జనం కడుపు పట్టుకుని నవ్వుతున్నారు. నేను స్టేజీ దిగి ఆయన పక్కన నిలబడి, "సోమవారం నేనొస్త నాయినా. మాట మాటే" అన్నాను. ఆయన డబ్బా నా చేతిలో పెట్టి, "పో, ముందుగాల బువ్వ తెచ్చుకో. లైను పెరుగుతది" అని ముఖం తిప్పుకున్నాడు.

సోమవారం ఇద్దరం కలిసి నడిచి వెళ్ళాం. గేటు దగ్గర నాయిన ఆగి అన్నాడు. "షిఫ్టు ఎనిమిది గంటలు. దినం ఇరవై నాలుగు. తీసేసి చూస్కో, ఎంత మిగులుతదో. అదంత నీదే. దాంట్ల నేను వేలు వెట్ట."

ఫౌండ్రీ మూతపడేదాకా అక్కడే చేశాను. జనం నావని పాడుకునే పాటల్లో సగం ఆ ఇసుకలో కూర్చున్నప్పుడు పుట్టినవే. పందెం గెలిచి ఉంటే ఏం రాసేవాణ్ణో! బహుశా వాన మీదా, వెన్నెల మీదా, అందరిలాగే. నాయిన పోయి కొన్నేళ్ళయింది. ఫౌండ్రీ ఉన్నచోట అపార్ట్‌మెంట్లు లేచాయి. బెల్లం మాడిన వాసన లేదు. చీమలు మామూలు చీమల్లాగే ఉన్నాయి. కాప్రాలో ఒక గదికి దుప్పట్లు కట్టి నేనే పాటలు రికార్డు చేసుకుంటున్నాను. పాట బయటికి వదిలిన గంటకు ఎవరు ఎక్కడ ఆపేసి వెళ్ళిపోయారో ఫోను గీత గీసి చూపిస్తుంది. కుర్రాళ్ళు దాన్ని చూసి బెంగపడతారు. ప్రోగ్రాముల్లోనూ అంతే. ఎవరైనా మధ్యలో లేస్తే పక్కన వాయించేవాళ్ళ ముఖం వాడిపోతుంది.

నేను మాత్రం అందరూ చివరిదాకా మర్యాదగా కూర్చుంటే కొంచెం కంగారుపడతాను. ఎక్కడో ఒకరు లేచి, వంగి వంగి వరస దాటుకుని బయటికి పోతుంటే, పాటను ఇంకో రెండు చరణాలు పొడిగించి తలుపువైపే చూస్తుంటాను, ఏం తీసుకురావడానికి వెళ్ళారో అని.